నోట్లో నిప్పు

తెలుగులో క్యాన్సర్‌కి రాచపుండు అని పేరు. రాచ అన్న మాట మా పేట దాకా నడిచి వచ్చింది ఈ ఒక్క రోగంతోనే. రాచబాట మా పేట పక్కనుంచి పోలేదు. రాచనగరు గడప మావాళ్ళు తొక్కలేదు. రాచమర్యాద ఎట్టా ఉంటుందో మేం ఎరగం. పుండు మాత్రం కులం అడగలేదు, అంటు పట్టించుకోలేదు. నేరుగా వచ్చి మా అమ్మ అంగిట్లో కూచుంది.

ఈ మధ్య ఏ పేపరు తిరగేసినా, ఏ మీటింగుకి పోయినా ఒకటే మాట. ఆధునిక జీవనశైలి వల్ల క్యాన్సర్ పెరిగిపోతోందట. తిండి మారిందట, నడక పోయిందట, ఎవరి అలవాట్లు వాళ్ళు దిద్దుకుంటే సగం రోగం పోతుందట. ఈ మాటలో అబద్ధం లేదు. 2022లో మన దేశంలో కొత్తగా 14.6 లక్షల మందికి క్యాన్సర్ వచ్చి ఉంటుందని జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్క గట్టింది. తొమ్మిది మందిలో ఒకరికి బతుకులో ఎప్పుడో ఒకప్పుడు ఈ రోగం రావచ్చని కూడా ఆ లెక్కే చెబుతోంది. ఇందులో కొంత పెరుగుదల మనం మునుపటి కంటే ఎక్కువకాలం బతకడం వల్ల. వయసు మీద పడేకొద్దీ వచ్చే రోగం ఇది. మిగతాదాంట్లో పొగాకు, సారా, తిండి, ఒళ్ళు, గాలి అన్నీ ఉన్నాయి.

అదంతా ఒప్పుకుంటాను. ఒప్పుకుని ఒక్క ప్రశ్న అడుగుతాను. జీవనశైలి అంటున్నారు కదా, ఎవరి జీవనం? ఆ శైలిని ఎవరు ఎంచుకున్నారు? మా అమ్మ ఎంచుకుందా?

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు గాలి తగిలే ఊరు. ఊరి చివర మా పేట. మా అయ్య ఒక కామందు దగ్గర కంబారి. అమ్మ కూలికి పోయేది. ఉబాలప్పుడు నాట్లు, తర్వాత కలుపు, కోతలు, కళ్ళాలు. ఏ పనీ లేనినాడు కామందు పశువుల పేడ. నేను లేచేసరికి ఆమె ఇంట్లో ఉండేది కాదు. నేను పడుకునేటప్పుడు పొయ్యి దగ్గర ఉండేది. ఆమె ముఖం గుర్తు చేసుకుంటే నాకు ముందు పెదాల చివర తేలిన పొగాకు కాడ కనబడుతుంది. నిప్పు కనబడదు. నిప్పు లోపలుండేది.

అడ్డపొగ అంటే తెలీనివాళ్ళ కోసం చెబుతున్నాను. చుట్ట వెలిగించి రెండు దమ్ములు మామూలుగా లాగుతారు. అది బాగా అంటుకున్నాక తిరగేసి నిప్పు కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తారు. పొగా, వేడీ, బూడిదా అన్నీ నోట్లోనే. అంగిలి అచ్చం పొయ్యి మీద బోర్లించిన మూకుడు. చుట్టూ తడి ఉంటుంది కాబట్టి చుట్ట మెల్లగా కాలుతుంది, ఒకటి చాలాసేపు వస్తుంది. మా జిల్లాలో, విశాఖ జిల్లాలో, సముద్రం ఒడ్డు పొడుగూతా ఆడవాళ్ళు తరతరాలుగా అట్టా కాల్చారు. కూలి చేసే కులాలూ, చేపలు పట్టే కులాలూ. తల్లి నుంచి కూతురికి వచ్చింది, ముక్కుపుడక వచ్చినట్టు. మా పేటలో ముక్కుపుడకలు రాలేదు గానీ ఇది వచ్చింది.

చదువుకునే రోజుల్లో సెలవులకి హాస్టల్ నుంచి ఇంటికొచ్చి అడిగాను. "ఎందుకమ్మా, అందర్లాగా కాల్చొచ్చు కదా?" అని.

"అందరికీ రెండు సేతులు కాళీగుంటాయిరా బాబూ. నాకేటి కాళీ? ఆకు ఊడిస్తే రెండు సేతులూ బురదే. సుట్టని ఎవులు పట్టుకుంటారు? తిరగేసుకుంటే గాలికి ఆరదు, వానకి తడవదు. కామందు గట్టు మీదికొచ్చినా కనపడదు. మరింకేటంటే," అని కాసేపు ఆగి, "నోట్లో నిప్పుంటే కడుపులో నిప్పు తెలీదురా" అంది.

ఆ చివరి మాటని నేను తర్వాత పుస్తకాల్లో చదివాను. పొగాకులో ఉండే నికోటిన్ ఆకలిని చంపుతుంది. మా అమ్మ నికోటిన్ అన్న మాట విన్లేదు. పొద్దున్న తాగిన అంబలి మీద మధ్యాహ్నం దాకా వంగి నాట్లు వేసినావిడకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమెకి చుట్ట సరదా కాదు. అది అణా పైసల్లో దొరికే అన్నం.

మన సాహిత్యంలో చుట్టకి లోటు లేదు. మా పక్క విజయనగరంలోనే గురజాడ కన్యాశుల్కం నాటకం నడిపించాడు. అందులో గిరీశం శిష్యుడికి చుట్ట మహిమ మీద పెద్ద లెక్చరిస్తాడు. నూరేళ్ళకి పైగా తెలుగువాళ్ళు ఆ లెక్చరుకి నవ్వుతూనే ఉన్నారు. నేనూ పిల్లలకి పాఠం చెబుతూ నవ్వాను. గిరీశం చుట్టకి కబుర్లున్నాయి, తీరిక ఉంది, ఇంకొకరి ఇంటి భోజనం ఉంది. బురదలో వంగిన ఆడమనిషి నోట్లో తిరగబడ్డ చుట్టకి ఏ నాటకంలోనూ చోటు లేదు. ఆమెని డాక్టర్లే చూశారు. చూసి, రాసుకుని పోయారు.

ఈ రాసుకుని పోవడం గురించి చెప్పాలి. కోస్తా ఆంధ్రలో అంగిలికి వచ్చే క్యాన్సర్‌కి ఈ అడ్డచుట్టే కారణమని 1957లోనే వైద్య పత్రికలో అచ్చయింది. అప్పటికి మా అమ్మకి పదమూడేళ్ళు. ఇంకా చుట్ట పట్టలేదు. తర్వాత పరిశోధకులు మా జిల్లాలోనే ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్ళు తెరిపించి చూశారు. నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగుతున్నారని తేలింది. 1971లో ఇంగ్లీషు పత్రికలో వేశారు. అప్పటికి నాకు మూడేళ్ళు. అమ్మ చుట్ట పట్టి పదేళ్ళు దాటి ఉంటుంది. అంటే మా అమ్మ రోగం మా అమ్మ కంటే ముందు లోకానికి తెలుసు. మా అంగిళ్ళ బొమ్మలు ఇంగ్లీషు పుస్తకాల్లోకి ఎక్కాయి. ఆ పుస్తకాల్లోని మాట దిగి మా పేటకి రావడానికి మాత్రం దారి లేకపోయింది. ఊళ్ళోకే మాకు దారి లేనప్పుడు పుస్తకంలోంచి ఎక్కడొస్తుంది?

1995లో అమ్మ "అంగుడు కరుకెక్కింది" అంది. అంతకు ఎన్నేళ్ళ ముందు నుంచి అది తెల్లబడి ఉందో ఎవరికి తెలుసు? ఈ రోగం అట్టాగే మొదలవుతుంది. ముందు అంగిలి తెల్లగా మందమవుతుంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు లేస్తాయి, పగుళ్ళు వస్తాయి. నొప్పి ఉండదు. నొప్పి లేని దాన్ని కూలిమనిషి రోగమనదు. కూరలో కారం తగిలితే మంటంటే కారం మానేసింది. తర్వాత కూర మానేసింది. ఆ తర్వాత పుండు పడింది. కూలి పోతుందని ఆసుపత్రిని కోతలయ్యేదాకా వాయిదా వేసింది. కోతలయ్యాక నేను తీసుకుపోయాను. అప్పటికి నాకు మాస్టరుద్యోగం వచ్చి మూడేళ్ళు.

పట్నంలో ఒక ఆసుపత్రి. పేరెందుకు? అన్నిచోట్లా అదే వరస. ఒక డాక్టరు నోరు తెరిపించి, లైటు వేసి, పక్కనున్న కుర్ర డాక్టర్లని పిలిచి చూపించాడు. వాళ్ళు వరసగా చూశారు. ఆయన అమ్మతో, "నిప్పెవరైనా నోట్లో పెట్టుకుంటారా? బుద్ధుండక్కర్లా? మీ అలవాట్లు మీరు మానరు, మా ప్రాణాలు తీస్తారు" అన్నాడు. అమ్మ నోరు తెరిచే ఉంది. ఏమనగలదు? బయటికొచ్చాక వరండాలో చతికిలబడి నాతో అంది. "ఆ బాబు మంచోడేరా. ఆకలి తెలీదు, అంతే."

కరెంటు పెట్టారు. మా వాళ్ళు రేడియేషన్‌ని కరెంటంటారు. మా పేటకి కరెంటు రావడానికి ఎన్ని అర్జీలు పెట్టామో, అమ్మ నోటికి కరెంటు రావడానికి అంతకంటే ఎక్కువ తిరిగాం. అది వచ్చేసరికి ఆలస్యమైంది. చివరి నెలల్లో అంగిలికి కన్నం పడింది. అంబలి తాగితే ముక్కులోంచి వచ్చేది. జీవితమంతా అంబలి తాగి బతికిన మనిషికి ఆ అంబలి కూడా నిలవలేదు. 1996లో, యాభై రెండేళ్ళకి, అమ్మ పోయింది.

ఇక తిండి సంగతి. నేను పుట్టినప్పుడు మా తిండి చోడి అంబలి, గంటి అంబలి. వరన్నం పండక్కే. గట్ల మీద, చేల మధ్య ఏరుకున్న ఆకుకూరలు: తోటకూర, పొన్నగంటి, గురుగు. "చోడి అంబలి తాగే నా కొడుకులు" అని ఊళ్ళో తిట్టేవారు. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యాన్ని నేను ఎప్పటికీ తక్కువ చేసి మాట్లాడను. మా పేటలో మొదటిసారి రోజూ పొయ్యి వెలిగింది దానివల్లే. అయితే బియ్యం వచ్చినంత తేలిగ్గా పప్పు రాలేదు, కూర రాలేదు, పాలు రాలేదు. తెల్లన్నం, పచ్చడి మెతుకులే తిండయ్యాయి. చోళ్ళు చేలోంచి పోయాయి. గట్ల మీది ఆకుకూరలు కలుపుమందు దెబ్బకి పోయాయి. పీచున్న గింజలు, ఆకులు, కాయలు తగ్గితే పెద్దపేగు క్యాన్సర్‌కి దారి దొరుకుతుందని ఇప్పుడు డాక్టర్లంతా చెబుతున్నారు.

ఇప్పుడు చూడండి, ఆ చోళ్ళే సిరిధాన్యాలయ్యాయి. 2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరం చేసింది. పట్నంలో అద్దాల కొట్లలో అందమైన సంచుల్లో పెట్టి బియ్యం ధరకి రెండింతలు మూడింతలు పెట్టి అమ్ముతున్నారు. మమ్మల్ని తిట్టడానికి వాడిన తిండి వాళ్ళకి మందయింది. మేం కొనలేం. "పాత తిండే మంచిది, మన తాతలు ఎంత గట్టిగా ఉండేవాళ్ళు" అని ఉపన్యసించే పెద్దమనుషుల్ని నేను ఒకటి అడుగుతుంటాను. మీ తాతల సంగతి సరే. మా తాతలు ఎన్నేళ్ళు బతికారో తెలుసా? మా తాత నలభై దాటలేదు. ఆయనకి క్యాన్సర్ రాలేదు. క్యాన్సర్ వచ్చే వయసు దాకా ఆయన్ని ఆకలి ఉంచలేదు.

మా అన్న కొడుకు హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్. ఊళ్ళో పని లేక పోయాడు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా కుర్చీ. తిండికి మెట్ల కింద గది, గ్యాసు సిలిండర్ అయిపోతే నూడుల్సు, బన్ను, కూల్‌డ్రింకు. నిద్ర రాకుండా బుగ్గలో గుట్కా. ఇదీ ఆధునిక జీవనశైలి అంటే, మా వాడకి వచ్చినంత మేరకు. రాత్రి షిఫ్టు పనిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో "బహుశా క్యాన్సర్ కారకం" అన్న జాబితాలో పెట్టింది. పొద్దున్నే ఆ అపార్ట్‌మెంటు చుట్టూ వాకింగ్ చేసే అయ్యగార్లు మావాడికి, "ఏరా, ఆ గుట్కా మానెయ్యి, క్యాన్సరొస్తుంది" అని సలహా ఇస్తారట. ఎనిమిది గంటల షిఫ్టు ఇద్దామని ఒక్కరూ అనలేదు.

గుట్కా చెడ్డదే. అందులో రెండో మాట లేదు. పొగాకే కాదు, ఒట్టి వక్కకి కూడా నోటి క్యాన్సర్ తెచ్చే గుణముందని 2004లోనే అదే సంస్థ తేల్చింది. 2011 ఆహార భద్రతా నిబంధనల్లో తినే పదార్థంలో పొగాకు కలపకూడదని రాశారు. ఆ తర్వాత రాష్ట్రాలు ఒకటొకటిగా గుట్కాని నిషేధించాయి. వ్యాపారి ఏం చేశాడు? వక్కపొడి ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం చేసి పక్కపక్కనే వేలాడదీశాడు. కలుపుకునే పని మావాడికి వదిలేశాడు. చట్టం ఎక్కడా తెగలేదు. తెగింది మా పిల్లల బుగ్గలే. మా అమ్మ అంగిలి, మా అన్న కొడుకు బుగ్గ. పాతకాలం చుట్ట నుంచి కొత్తకాలం పొట్లానికి మా ఇంటి ప్రయాణం నోట్లోనే జరిగింది.

2015లో ఆ సంస్థే ఇంకో మాట చెప్పింది. నిలవ చేసిన మాంసం క్యాన్సర్ కారకమని, పశుమాంసం "బహుశా" కారకమని. ఆ వార్త పేపర్లో వచ్చిన నాడు మా స్కూలు స్టాఫ్‌రూములో ఒక పంతులుగారు పేపరు మడత నా ముందుకి తోసి, "చూశారా మాస్టారూ, మీరు తినే పెద్దమాంసం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది" అన్నారు. పక్కన కూచున్న నాయుడు మాస్టారు తలూపారు. నేను వార్త మొత్తం చదివాను. రెడ్‌మీట్ అంటే గొడ్డు మాంసం ఒక్కటే అని ఆయన అనుకున్నారు. అందులో మేకా ఉంది, గొర్రే ఉంది, పందీ ఉంది. నాయుడు మాస్టారి ఆదివారం మటన్ కూడా అదే జాబితాలో అదే వరసలో ఉంది. ఆ మాట చెప్పాను. తలూపడం ఆగింది.

అక్కడితో గెలిచానని ఊరుకోవడం నాకిష్టం లేదు, ఎందుకంటే ఇది మన ప్రాణాల సంగతి. సంస్థ చెప్పిన లెక్క ఏంటి? నిలవ మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఉన్నదానికి 18 శాతం పెరుగుతుందని. రోజూ. సాసేజీలు, హామ్, బేకన్ పొద్దున్న టిఫినులో తినే దేశాల లెక్క ఇది. మా పేటలో మాంసం రోజూ ఎవరికి దొరికింది? ఇంకో సంగతి. ఆ జాబితా, సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది. ఏది ఎంత మందిని చంపుతుందో చెప్పదు. అందుకే పొగాకూ, నిలవ మాంసమూ ఒకే వరసలో కనబడతాయి. చంపడంలో పొగాకుతో దానికి పోలికే లేదు. పొగాకు అదే జాబితాలో ఏనాడో ఎక్కింది. దాని మీద పేపరు మడత పెట్టి ఎవరూ నా ముందుకి తోయలేదు. మాంసం మాత్రం తోశారు. మా తిండి మీద ఉన్న పాత అసహ్యానికి కొత్త సైన్సు గొడుగు పట్టారు. మాంసం మితంగా తినమని డాక్టరు చెబితే వింటాను. దాంతోపాటు పప్పు, ఆకుకూర, పండు రోజూ ఎట్టా వస్తాయో కూడా చెప్పమంటాను. పంతులుగారు చెబితే మాత్రం వినను. ఆయన మాట్లాడేది నా పేగు గురించి కాదు.

సారా సంగతీ అంతే. సారా కూడా క్యాన్సర్ కారకమే, 1988 నుంచి ఆ జాబితాలో ఉంది. చుట్టా సారా రెండూ ఉన్నవాడి నోటికీ గొంతుకీ ముప్పు కూడిక లెక్కలో పెరగదు, గుణకారంలో పెరుగుతుంది. ఈ దేశంలో సారా మీద కొట్లాడింది ఎవరు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అంటుకుని రాష్ట్రమంతా పాకిన ఉద్యమంలో చీపుర్లు పట్టుకుని సారా దుకాణాల ముందు నిలబడింది కూలి ఆడవాళ్ళు. ఎక్కువమంది మనవాళ్ళు, వెనకబడిన కులాల వాళ్ళు. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానాకి నష్టమని ఎత్తేశారు. అలవాటు మానాలని వీధికెక్కింది మేం. అలవాటు మానలేకపోయింది సర్కారు. మా అలవాట్ల గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు ఈ అలవాటు గురించి కూడా చెప్పాలి కదా?

పొగాకు కథ ఇంకా బాగుంటుంది. పొగాకు తాగితే చస్తారని పెట్టెల మీద బొమ్మ వేయిస్తుంది సర్కారు. 2016 నుంచి పెట్టెలో 85 శాతం ఆ బొమ్మే. అదే సర్కారుకి పొగాకు ఎగుమతులు చూసుకోవడానికి గుంటూరులో పొగాకు బోర్డు ఉంది. రాజమండ్రిలో 1947లోనే పొగాకు పరిశోధన కేంద్రం పెట్టారు. ఆకు కొట్టేదీ, గుచ్చేదీ, గ్రేడింగు షెడ్లలో ఆ ఘాటు పీలుస్తూ ఆకు ఏరేదీ ఎక్కువగా ఏ ఆడవాళ్ళో గుంటూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులకి నేను చెప్పక్కర్లేదు. ఇక మా చుట్ట సంగతా? చుట్టకి పెట్టె లేదు. సంతలో కాడ కొనుక్కుని ఇంట్లో చుట్టుకుంటారు. పెట్టె లేనప్పుడు బొమ్మెక్కడ వేస్తారు? అక్షరం రానివాళ్ళ కోసం పెట్టిన బొమ్మ అక్షరం రాని మా అమ్మల దాకా రాలేదు.

జీవనశైలి లెక్కలోకి రాని క్యాన్సర్ కూడా ఒకటుంది. గర్భాశయ ముఖద్వారానికి వచ్చేది. దాని మూలం హెచ్‌పీవీ అనే వైరసు. ఆ సంగతి కనిపెట్టినందుకు జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. టీకా ఉంది. ముదరకముందే పట్టే పరీక్ష ఉంది. అయినా పేద ఆడవాళ్ళు చస్తూనే ఉన్నారు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆ టీకాని ప్రయోగంగా ఆడపిల్లలకి వేశారు. వాళ్ళలో చాలామంది గిరిజనుల పిల్లలు, హాస్టల్ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న గొడవతో 2010లో ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణలో అన్నారు. అయితే తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లతో సమ్మతి సంతకాలు పెట్టించడాన్ని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. టీకా మంచిదే. మన పిల్లలకి అది అందాలి. అడిగి, చెప్పి, వేయాలి. నోరు తెరిపించి రాసుకుని పోయిన పద్ధతే ఇంకా నడిస్తే మంచి మందుని కూడా మనవాళ్ళు నమ్మరు.

ఇదంతా చదివి, "అయితే చుట్ట తాగడం మా హక్కు, ఎవరూ మాట్లాడొద్దు అంటావా?" అని ఎవరైనా అడగొచ్చు. అనను. ఆకలి వల్ల పట్టిన చుట్టయినా అంగిలిని కాలుస్తుంది. కారణం అన్యాయమైనంత మాత్రాన నిప్పు చల్లబడదు. 1927లో మహాడ్ సభలో అంబేద్కర్ మనవాళ్ళని చచ్చిన పశువు మాంసం తినడం మానమన్నాడు. ఆయన అసహ్యంతో చెప్పలేదు. మన ఒళ్ళు, మన గౌరవం మన చేతుల్లోకి రావాలని చెప్పాడు. అదే సభ నుంచి జనాన్ని చవదారు చెరువు దగ్గరకి నడిపించాడు. మానమనడం ఒక చేత్తో, నీళ్ళు తాగడం ఇంకో చేత్తో. రెండోది లేకుండా మొదటిది చెప్పేవాళ్ళే డాక్టర్లు, అధికారులు, వాకింగ్ అయ్యగార్లు. రెండూ కలిపి చెప్పే పని మనది.

చెబితే వింటారా అంటే, వింటారు. మా జిల్లాలో, కేరళలో ఎర్నాకుళంలో, గుజరాత్‌లో భావనగర్‌లో మొత్తం 36 వేల మంది పొగాకు వాడేవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి ఒక పని చేశారు. 1986లో దాని ఫలితాలు అచ్చయ్యాయి. ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళ భాషలో, నోరు చూసి చెప్పినప్పుడు మానేసినవాళ్ళు, తగ్గించినవాళ్ళు పెరిగారు. నోటి మచ్చలు తగ్గాయి. కేరళలో ఇంకో పెద్ద పరీక్ష చేశారు. డాక్టర్లు కూడా కాదు, తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి లైటు వేసి నోళ్ళు చూశారు. పొగాకో మద్యమో అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. పెద్ద మిషను అక్కర్లేదు. చూడగలిగిన కన్ను, వెళ్ళగలిగిన కాలు ఉంటే చాలు.

మా చిన్నమ్మ, అమ్మ చెల్లెలు, అడ్డపొగే తాగేది. 2009లో ఆమె అంగిట్లో తెల్లమచ్చ మధ్య ఎర్రగా కనబడింది. ముక్క తీసి పరీక్ష చేస్తే మొదట్లోనే ఉందన్నారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలివిడత మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం ఒకటి. తెల్లకార్డు మీద ఆపరేషన్ జరిగింది. పైసా కట్టలేదు. అక్కకి లేని కార్డు చెల్లికి ఉంది, అక్కకి దొరకని ఏడాది చెల్లికి దొరికింది. రోగం ఒకటే, అలవాటు ఒకటే. తేడా వచ్చింది సమయంలో, కార్డులో. చుట్ట మానమంటే చిన్నమ్మ, "మొగుణ్ణి ఒగ్గీమంటే ఒగ్గీగల్ను, దీన్నెలా ఒగ్గీది?" అంది. వదిలింది. ఆర్నెల్లు పట్టింది. ఇప్పుడు డెబ్బై దాటింది, బుగ్గన లవంగం పెట్టుకుని, పేటలో చుట్ట పట్టిన ప్రతి ఆడమనిషినీ తిడుతుంది. ఆ తిట్టు డాక్టరు తిట్టులా ఉండదు. తిట్టించుకున్నవాళ్ళు నవ్వుతారు, నోరు తెరిచి చూపిస్తారు.

విద్యార్థి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సంఘాల్లో పనిచేసే మిత్రులారా, మీరు కూలిరేట్ల గురించీ భూమి గురించీ పేటలకి పోతారు. పొండి. ఈసారి కరపత్రాలతో పాటు ఒక టార్చిలైటు పట్టుకెళ్ళండి. మీటింగయ్యాక పెద్దవాళ్ళ నోళ్ళు తెరిపించి చూడండి. తెల్లగా మందమైన చోటు, ఎర్రటి మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు కనబడితే ఆ మర్నాడే ఆసుపత్రికి వెంటబెట్టుకుని తీసుకుపోండి. ఒంటరిగా పంపకండి. అక్కడెవరైనా బుద్ధుందా అని కసిరితే, ఆమె తరఫున మీరు మాట్లాడండి. కుర్రవాళ్ళ బుగ్గలు కూడా చూడండి. మీ సంఘంలో ఎవరి జేబులో పొట్లం ఉందో ముందు చూడండి. ఆ తర్వాత ఎనిమిది గంటల పని అడగండి, రేషన్లో బియ్యంతో పాటు చోళ్ళూ పప్పూ అడగండి, మండలానికొక చోట ముక్క తీసి పరీక్ష చేసే ఏర్పాటు అడగండి. మన ఆడపిల్లలకి టీకా అడగండి. ఇవన్నీ వచ్చిన రోజున మా అలవాట్ల గురించి ఎవరు మాట్లాడినా కూచుని వింటాం.